నూట పదిహేడు "అంటే"లు

మా బాబాయికి మాటలు వినపడవు, స్వరాలే వినపడతాయి. చెవుడు కాదు, అంతకన్నా పెద్ద జబ్బు. ఆయనది మోటార్లు బాగుచేసే షాపు. ఫ్యాను తిరుగుతుంటే కళ్ళు మూసుకుని "బేరింగు పోయింది, అర శ్రుతి దిగింది" అంటాడు. అక్కడితో ఆగితే మంచి మెకానిక్ అనేవాళ్ళం. మనుషుల్నీ అలాగే వింటాడు. దానికి మా పిన్ని పెట్టిన పేరు వేరే ఉంది, ఇక్కడ రాయను.

ఒకసారి ఒకాయన కాలిపోయిన మోటారు చంకలో పెట్టుకుని షాపు మీదికి వచ్చాడు.

"రిపేరు చేశావా, తగలబెట్టావా? సిగ్గుండాలయ్యా!"

"సార్, ఆ 'సిగ్గుండాలయ్యా' ఇంకోసారి అనండి."

"ఏంటీ?"

"చివర్లో భలే పైకి లేచింది. ఒక్క నిమిషం, కీబోర్డు తీస్తాను."

ఆయన మోటారు అక్కడే వదిలేసి పారిపోయాడు. ఆ ట్యూను మా ఇంటిల్లిపాదికీ నోటికొచ్చు.

పిన్ని అయితే తిట్టడమే మానేసింది. తిడితే మర్నాటికి పాటవుతుంది. ఇప్పుడు తిట్లన్నీ చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తుంది.

ఇలాంటి మనిషికి నేను పోయి పోయి మా ఫిలాసఫీ సార్ లెక్చర్ వినిపించాను.

సార్‌కి "అంటే" ఊతపదం. "కాలం అంటే... అంటే... గడిచేది. అంటే, గడిచేది కాలమా, మనమా? అంటే..." ఇదీ వరస. ఓ రోజు ఫోన్‌లో ఇరవై నిమిషాలు రికార్డు చేసి లెక్కపెట్టాను. నూట పదిహేడు! ఆ అంకె బోర్డు మీద ఇంత లావున రాసింది కూడా నేనే.

"ఇదేం లెక్కర్రా?" అన్నారు సార్ మర్నాడు.

"మీ అంటేలు సార్" అని వెనక బెంచీ జవాబు. క్లాసు పగలబడి నవ్వింది.

అప్పట్నుంచి సార్ తల వంచుకుని నోట్సు చదివేసి వెళ్ళిపోతున్నారు. వచ్చే నెల రిటైర్‌మెంట్. వీడ్కోలు సభలో తను మాట్లాడనని ముందే చెప్పేశారట.

ఇదంతా జోకులాగే చెప్పాను. బాబాయి నవ్వలేదు.

"ఆ రికార్డింగు నాకు పంపు" అన్నాడు.

మూడు వారాలు. షాపులో ఫ్యాన్లు గుట్టలు పడ్డాయి. బాబాయి ఆ లెక్చర్‌కి సంగీతం కడుతున్నాడు. శ్రుతికి ఓ పాత టేబుల్ ఫ్యాను హోరు. దాని మీద కీబోర్డు. సార్ దగ్గితే దానికో గంట.

"కాలం గడుస్తుందో లేదో గానీ, నా బతుకు మాత్రం గడిచిపోయింది" అంది పిన్ని ఉండబట్టలేక, నోటితోనే. బాబాయి గిరుక్కున కీబోర్డు వైపు తిరిగాడు. "చచ్చాను" అంది పిన్ని. అదీ రికార్డయింది.

నేను తెలివిగా ఓ సలహా పడేశాను. "బాబాయ్, ఆ అంటేలు కట్ చేసెయ్. పది నిమిషాల పని."

"కట్ చేస్తే ఏం మిగుల్తుందే? ప్రతి 'అంటే' దగ్గరా ఆయన ఆగి ఆలోచిస్తున్నారు. తాళం పడేది అక్కడే. నూట పదిహేడుసార్లు ఆలోచించారాయన. బోర్డు మీద రాసేముందు నువ్వెన్నిసార్లు ఆలోచించావు?"

నాకు ఒళ్ళు మండింది. నిజం కాకపోతే మండేది కాదు.

సభ రోజు మైకు బాగుచేసే వంకతో ప్రిన్సిపాల్‌ని పట్టుకుని, బాబాయి తన పాట ఎక్కించిన స్పీకరు పెట్టె తెచ్చి తగిలించాడు.

"కాలం అంటే..." అంది పెట్టెలోంచి సార్ గొంతు. ధన్! తాళం పడింది. హాలు కిసుక్కుమంది. స్టేజీ మీద సార్ తల ఇంకా కిందికి వంగింది. రెండో "అంటే"కి మళ్ళీ ధన్, ఈసారి కీబోర్డు మెల్లగా పైకి లేచింది. పదో దానికి నవ్వులు ఆగాయి. ఇరవయ్యో దానికి వెనక బెంచీ బూట్లతో తాళం వేస్తోంది. తర్వాతి "అంటే" ఎప్పుడొస్తుందా అని అందరం ముందుకు వంగి కూర్చున్నాం. ఆ ఎదురుచూపులో మధ్యనున్న మాటలు కూడా విన్నాం, మూడేళ్ళలో మొదటిసారి. సిగ్గుచేటు, చాలా బాగున్నాయి.

"గడిచేది మనమే అయితే, మిగిలేదేంటి?" అని సార్ గొంతు ఆగింది. సంగీతమూ ఆగింది. తాళం పడాల్సిన చోట ఖాళీ. నా లెక్క ప్రకారం నూట పదహారే వచ్చాయి. ఆఖరిది బాబాయి కావాలనే వదిలేశాడు.

హాలంతా సార్ వైపు చూసింది. సార్ తలెత్తారు. మైకు అందుకున్నారు.

"అంటే..."

ఆ ధన్ హాలే కొట్టింది, మూడొందల జతల చేతులతో. ఆ తర్వాత సార్ నోట్సు లేకుండా నలభై నిమిషాలు మాట్లాడారు.

కిందికి దిగాక బాబాయి దగ్గరికొచ్చారు. "నా క్లాసు ఇంత శ్రద్ధగా రికార్డు చేసుకుందెవరండీ?"

నేను బాబాయి వెనక్కి జరిగాను.

"మా అన్నయ్య కూతురు సార్, ఇదిగో" అన్నాడు బాబాయి నన్ను ముందుకు తోస్తూ. "మీ క్లాసు మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వినేది."

అబద్ధం కూడా కాదు. లెక్క తేలడానికి నాలుగుసార్లు విన్నాను.

సార్ మొహం వెలిగిపోయింది. "నిజంగానా అమ్మా?"

"అంటే సార్... అంటే..."

"రెండు" అన్నాడు బాబాయి నా చెవిలో.