దారివ్వని హోరు

2012లో హైదరాబాద్‌ చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. ఒకరోజు నాన్నకు గుండెనొప్పి వస్తే, ఇంటి ఓనరు కొడుకు మా ఇద్దరినీ తన స్పోర్ట్స్ కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. దానికి అంతకు కొద్దిరోజుల ముందే పెద్ద శబ్దం చేసే సైలెన్సర్ పెట్టించి, ఇంజన్ ట్యూన్ చేయించాడు.

నారాయణగూడలో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. దారి కోసం అతను ఇంజన్ రేస్ చేశాడు. తప్పుకోవాల్సిన జనం చుట్టూ మూగి వీడియోలు తీయసాగారు.

"అన్నా, ఇంకోసారి రేస్ చెయ్యవా జర!"

"నాన్నకు బాగాలేదు, జరగండి!" అని వెనక సీట్లోంచి అరిచాను. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు.

చివరికి అతను ఇంజన్ ఆపేశాడు. అప్పుడు గానీ నా ఏడుపు బయటికి వినపడలేదు.

"అరే, లోపల పెద్దాయనకు బాలేదు, జరుగుండ్రి!" అంటూ దారిచ్చారు.

నాన్న దక్కారు. ఇప్పటికీ వీధిలో అలాంటి కారు మోత వింటే అందరూ చూడ్డానికి ముందుకెళతారు. నేను మాత్రం పక్కకు తప్పుకుంటాను, లోపల ఎవరున్నారో అని.