మూడు సున్నాలు

పెద్దమందడి మండలాఫీసులో భూలక్ష్మిది అటెండరు ఉద్యోగం. ఊళ్లో మాత్రం అందరూ ఆమెను వాన భూలక్ష్మి అనే పిలుస్తారు. భర్త గోవిందు అదే ఆఫీసులో పనిచేస్తూ గుండెపోటుతో పోయాడు. ఆయన కూర్చునే స్టూలుతో పాటు ఆయన చేసే వాన కొలత పని కూడా ఆమెకే వచ్చిపడింది. ఆఫీసు వెనక చిన్న తీగ కంచె, అందులో ఒక డబ్బా, డబ్బా మీద గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లు గీతల గ్లాసులో పోయాలి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టరులో రాయాలి, ఆ అంకెను వనపర్తికి ఫోనులో చెప్పాలి. వాన లేని రోజు సున్నా రాయాలి. ఆదివారమని లేదు, దసరా అని లేదు. పందొమ్మిదేళ్లలో ఆమె తెల్లవారి ఎండ మొహాన పడేదాకా పడుకున్నది లేదు. చుట్టాల పెళ్లికి వెళ్లినా రాత్రి బస్సుకే తిరిగి వచ్చేది.

డబ్బా దగ్గర కనబడుతుంది కాబట్టి వాన సంగతి ఆమెకే తెలుసని ఊరి నమ్మకం. ఫోనుకు వచ్చే వాతావరణం మెసేజీ చదివి చెప్పేది. వాన పడితే ఎవరూ ఏమీ అనరు. చెప్పింది తప్పితే మాత్రం కిరాణా కొట్టు దగ్గర, బస్సులో, చివరికి చావింట్లో కూడా అడిగేవాళ్లు. జవాబు చెప్పీ చెప్పీ ఆమెకు నోరు పీకేది.

కానీ ఆమెను లోపల లోపల అరగదీసింది ఆ ప్రశ్నలు కాదు. ఆరేళ్ల కింద జరిగిన ఒక పని.

ఆ ఏడు సెప్టెంబరులో కూతురు భవ్యశ్రీకి నెల తక్కువగానే నొప్పులు మొదలయ్యాయి. ఫోను రాగానే భూలక్ష్మి కట్టుబట్టలతో వనపర్తి దవాఖానకు పరుగెత్తింది. కంచె తలుపు గొళ్లెం పెట్టడం మరిచిపోయింది. పనిని ఎవరికీ అప్పజెప్పలేదు. కూతురికి ఎక్కించే రక్తం కోసం మూడు రోజులు ఆ వరండాలోనే తిరిగింది. తల్లీపిల్లా గండం గడిచాక నాలుగో రోజు ఆఫీసుకు వస్తే, కంచెలో గేదె పేడ, గరాటు ఒకవైపు ఒరిగి ఉంది, సీసా పక్కకు పడి ఉంది. చుక్క నీళ్లు లేవు. ఆ మూడు రోజులూ ఊళ్లో వాన బాగా పడిందని అందరూ అన్నారు. ఎంత పడిందో ఎవరు చెప్పగలరు? చెప్పకుండా పోయినందుకు ఏమంటారోనన్న భయంతో ఆమె రిజిస్టరులో వరుసగా మూడు సున్నాలు రాసేసి, వనపర్తికీ అవే చెప్పింది.

రెండు వారాల తర్వాత ఎల్లయ్య వచ్చాడు. రెండెకరాల్లో పల్లీలు వేసే రైతు, గోవిందుకు దోస్తు.

"చెల్లె, కాయ పీకుదామనుకుంటున్న. వాన వస్తదా జెప్పు."

ఆమె మెసేజీ చూసింది. "ఐదు రోజులు వాన లేదంటుండ్రు అన్నా. పీకు."

ఎల్లయ్య పీకించాడు. చెట్లు చేలోనే ఎండుతుండగా మూడో రోజు సాయంత్రం ఒక్క మబ్బు వచ్చి మూడు ఊళ్ల మీద దంచి పోయింది. ఆరో రోజు నుంచి నాలుగు రోజులు ముసురు. కాయ చేలోనే మొలకెత్తింది. ఎల్లయ్య ఆఫీసు ముందుకొచ్చి, అందరూ వింటుండగా, "నీ వాన డబ్బ అబద్ధం చెప్పింది" అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆఫీసు వైపు రాలేదు.

ఆ మాట ఆమెలో దిగబడిపోయింది. డబ్బా కాదు అబద్ధం చెప్పింది, తానే. తను పంపిన అంకెలు పైకి పోతాయి, వాటితోనే పెద్ద మెషిన్లు రేపటి వాన చెబుతాయి. తప్పు అంకె పంపితే తప్పు కబురే వస్తుంది కదా? ఈ లెక్క ఆమె ఎవరితోనూ అనలేదు. కానీ మెసేజీ తప్పిన ప్రతిసారీ ఆ మూడు సున్నాలే గుర్తొచ్చేవి.

మొన్న జూన్‌లో రైతువేదికలో మీటింగు పెట్టారు. ప్రవళిక అనే అమ్మాయి వచ్చింది, తిమ్మాజిపేట పిల్ల, వాతావరణం చదువుకుని ఉద్యోగంలో చేరింది. మీటింగయ్యాక కుర్చీలు సర్దుతూ భూలక్ష్మి మెల్లగా అడిగింది.

"అమ్మా, కొలిచేటోళ్లు ఒక్క దినం తప్పు రాస్తే, పదిహేను రోజులకు చెప్పే వాన తప్పుతదా?"

ప్రవళిక ఆమె మొహం చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. "జూరాల డ్యాం గేట్లు ఎత్తినప్పుడు చూసిన్రా? ఆ నీళ్లల్ల రెండు గడ్డిపోచలు పక్కపక్కనే వేస్తే, మొదట్ల కలిసే పోతయి. జరసేపటికి ఒకటి ఆ ఒడ్డుకు, ఒకటి ఈ ఒడ్డుకు. గాలి కూడా గంతే. మొదట్ల ఇసుమంత తేడా ఉంటే పూటపూటకు పెరుగుతది. ఐదారు రోజులదాక మస్తుగ చెప్తం. పది రోజులకు మసక. పదిహేను రోజులకు ఇక చేతులెత్తుడే. అడుగడుక్కు ఒక డబ్బ పెట్టి, ఒక్కటి తప్పు లేకుండ కొలిచినా గంతే."

"మరి మూడు దినాలల్లనే తప్పితే?"

"ఉరుములతోని లేచే మబ్బు ఏ ఊరి మీద పడతదో ముందు రోజు కూడా గట్టిగ చెప్పలేం అమ్మా. అయినా మీ అంకెలతోని వాన చెప్పరు. దానికి శాటిలైట్లు, బెలూన్లు వేరే ఉన్నయి."

భూలక్ష్మి ఒక్కసారి గోడకు ఆనుకుంది. ఆరేళ్ల బరువు దిగింది. దిగిన చోట ఏదో బోసిగా, నొప్పిగా అనిపించింది. అయితే ఇన్నేళ్లు పొద్దున్నే లేచింది దేనికి?

"మరి మేం కొలిచేది దేనికమ్మా?"

"ముప్పై ఏండ్ల లెక్క కోసం. పదిహేను రోజులకు ఏమైతదో చెప్పలేకున్నా, ఈ మండలంల వానలు తగ్గినయా, ఒక్కసారే దంచుతున్నయా అనేది చెప్పొచ్చు. గది మీ రిజిస్టర్లతోనే. ఇంకోటి లేదు."

ఇంటికి పోతూ భూలక్ష్మి ఆ మాటే నమిలింది. అంటే సున్నాలు ఎల్లయ్య పల్లిని ముంచలేదు. కానీ అవి ఆ లెక్కలో అట్లాగే కూర్చుని ఉన్నాయి, వాన పడిన మూడు రోజులను పడలేదని చెబుతూ.

మరునాడు ఆమె ఆఫీసులో వాన లెక్కలు చూసే చంద్రశేఖర్ దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆరేండ్ల కింది లెక్క ఎవరు చూస్తరమ్మా? రెండేండ్లల్ల రిటైరైతవు. లేని పరేషాన్ ఎందుకు?"

"ఎవరు చూస్తరో నాకు తెల్వదు సారు. నేనైతే రోజు చూస్తున్న."

ఆయన చాలాసేపు విసుక్కున్నాడు. చివరికి పాత రిజిస్టరు తీయించి, మూడు సున్నాలు కొట్టేసి, పక్కన 'కొలవలేదు' అని ఆమెతోనే రాయించి సంతకం పెట్టాడు. పైకి ఒక కాగితం పంపాడు. ఆమెకు ఒక మెమో ఇచ్చాడు. మెమోను ఆమె మడిచి సంచిలో వేసుకుంది.

ఆ మధ్యాహ్నం ఎండలో ఎల్లయ్య ఇంటికి నడిచింది. ఆయన వాకిట్లో తాడు పేనుతున్నాడు. భార్య జంగమ్మ చేట ముందేసుకుని కందులు చెరుగుతోంది. భూలక్ష్మి నిలబడే మొత్తం చెప్పింది: బిడ్డ కాన్పు, గేదె, సున్నాలు, ఆ అమ్మాయి మాటలు. ఎల్లయ్య తాడు పక్కన పెట్టాడు.

"ఏ ఏడు సంగతి నువ్వనేది?"

"నీ కాయ మొలిచిన ఏడు అన్నా. నా మీద కోపంతోని అటు దిక్కు రాకపోతివి గదా."

"అదా? కాయ ముదిరింది, నువ్వు చెప్పకున్నా పీకేటోన్నే. మోకాళ్లు పట్టినయి చెల్లె, మెయిన్ రోడ్డు దాక నడవలేకనే రాలే." తాడు మళ్లీ చేతిలోకి తీసుకుంటూ అన్నాడు, "ఏమన్న అన్ననా అప్పుడు?"

అన్నావని ఆమె చెప్పలేదు. నవ్వబోతే నవ్వు రాలేదు. వాకిట్లో వాల్చిన మంచం పట్టె మీద కూర్చుంది. జంగమ్మ లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చేలోపు, ఆ మంచం మీదే ఒక పక్కకు ఒరిగి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది.

"లేపు, ఆఫీసుకు పోవాలేమో" అన్నాడు ఎల్లయ్య.

"పండనీయి" అంది జంగమ్మ. చెంబు మీద మూత పెట్టి, చేట తీసుకుని చప్పుడు కాకుండా అవతలి అరుగు మీదికి పోయింది.