ముద్ర పడని చేతులు

అచ్చియమ్మకు కోపం కొత్తకాదు. అయితే ఇన్నాళ్లూ ఆ కోపమంతా జీడిపిక్కల మీద తీరిపోయేది. రాతి మీద పిక్క నిలబెట్టి కర్రతో ఒక్కటేస్తే పెంకు విడిపోవాలి, పప్పు మాత్రం విరక్కూడదు. పెళ్లయి బలిఘట్టం వచ్చిన నాటి నుంచీ నర్సీపట్నంలో మన్మథరావుగారి జీడిపప్పు ఫ్యాక్టరీలో అదే పని. ఓ సోమవారం వెళ్లేసరికి గేటుకు తాళం వేసుంది. మార్కెట్ పడిపోయిందని వాచ్‌మన్ చేత చెప్పించాడు ఆయన. తను మాత్రం కొత్త కారులో తిరుగుతూనే ఉన్నాడు. పడిన మార్కెట్ ఆయన నెత్తిన పడలేదు, పిక్క కొట్టే ఆడవాళ్ల నెత్తిన పడింది.

ఇంట్లో రెండో సంపాదన మొగుడు సోములుది. అతను తాపీ మేస్త్రీల దగ్గర సిమెంటు కలుపుతాడు. ఊళ్లో ఇళ్లు కట్టేవాళ్లు సగంలో ఆపేసి కూర్చున్నారు. రోజూ తెల్లారకుండానే కూలీల అడ్డా అయిన అబీద్ సెంటర్లో నిలబడి, ఎండెక్కాక ఖాళీ క్యారేజీతో తిరిగొస్తున్నాడు. క్యారేజీలో అన్నం అక్కడే తినేస్తున్నాడు, పని చేయకుండానే. అదో సిగ్గు అతనికి.

అప్పుడే చెన్నై వైపు ఇటుకబట్టీలకు మనుషుల్ని తోలుకెళ్లే మేస్త్రీ కబురు పెట్టాడు. ఆదివారం ఆటో వస్తుంది, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎక్కాలి, ఒక్కడైతే వద్దట. సోములు మెత్తబడ్డాడు. అచ్చియమ్మ పెళ్లికి ముందే ఒకసారి ఆ బట్టీ చూసొచ్చిన మనిషి. అక్కడ జ్వరంతో మూలుగుతున్నా ఇటుకలు మోయించారు, రాత్రయితే పాకకు బయట గొళ్లెం పెట్టారు. చచ్చినా మళ్లీ ఆ గొళ్లెం లోపల పడుకోనంది. అయితే ఆదివారంలోగా ఇక్కడే ఏదో ఒక పని చూపించమన్నాడు సోములు. సరేనంది.

అనడం తేలికే. టిఫిన్ హోటల్‌కి వెళ్తే గిన్నెలు తోమడానికి మనిషి కావాలన్నారు, ఆమె చేతులు చూసి అక్కర్లేదన్నారు. బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పనికి అడిగితే, ఆ చేతులతో పట్టుచీర ముట్టుకుంటే ఇంకేమైనా ఉందా అన్నాడు ఓనరు, ముసిముసిగా నవ్వుతూ. అందులో నవ్వడానికి ఏముందో అచ్చియమ్మకు అర్థం కాలేదు. స్కూల్లో ఆయాగా అడిగితే పిల్లలకు అంటుకుంటుందేమో అన్నారు. అది రోగం కాదమ్మా, జీడి అని ఎంత చెప్పినా వినలేదు.

జీడిపెంకులోని నూనె అంత పాడుది. చర్మాన్ని తినేస్తుంది, వేళ్లను బొగ్గు చేస్తుంది. చేతులకు బూడిద రాసుకుని కొడతారు, అయినా ఆగదు. ఓసారి ఎవరో ఆఫీసర్లు వస్తున్నారని మన్మథరావు అందరికీ గ్లౌజులు పంచి, ఫొటో తీయించి, సాయంత్రానికి మళ్లీ ఏరించేశాడు. ఏరించకపోయినా తొడిగేవాళ్లు కాదులెండి. తొడుక్కుంటే పిక్క జారిపోతుంది, కిలో లెక్కన కూలి తగ్గిపోతుంది. గ్లౌజులు తొడుక్కున్నదాన్ని సుకుమారి వచ్చిందని వేళాకోళం చేసేవాళ్లు. ఆ వేళాకోళంలో అచ్చియమ్మదే పెద్ద గొంతు. ఇప్పుడు తలుచుకుంటే తన నోటిమీద తనే కొట్టుకోవాలనిపిస్తోంది.

గురువారం నాటికి కొత్తగా కట్టిన ప్రైవేటు ఆస్పత్రిలో ఊడ్చే పని ఉందని తెలిసింది. అక్కడ పనివాళ్లను పెట్టేది ఒక ఏజెన్సీ. సూపర్‌వైజర్ వీరేంద్ర ఆమె చేతులు చూశాడు, ఫినాయిలు బకెట్ పట్టుకునే చేతులకు అందమెందుకన్నాడు. ఆ మాటకు అచ్చియమ్మ ప్రాణం లేచొచ్చింది. ఇక వేలిముద్ర వేస్తే సరిపోతుందని హాజరు మిషన్ తెచ్చి పొట్టి బల్ల మీద పెట్టాడు. దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు దాని నుదుట ఇంకా ఉంది.

బొటనవేలు పెట్టింది. మళ్లీ ప్రయత్నించమని మిషన్‌లో ఆడగొంతు ఇంగ్లీషులో చెప్పింది. సబ్బుతో కడుక్కొచ్చింది, తలకు రుద్దుకుంది, చీరకు తుడుచుకుంది. పది వేళ్లూ అయ్యాయి. ఆ గొంతు మాత్రం విసుక్కోకుండా అదే మాట అంది. గీతలుంటే కదా మిషన్ చదవడానికి, అన్నీ జీడి తినేసింది. రేషన్ డిపోలో ఇదే గొడవొస్తే కళ్లు చూసి బియ్యం ఇస్తారు. ఇక్కడ కళ్లు చూసే మిషన్ లేదు. మిషన్‌లో ఎక్కిన మనిషికే తమకు బిల్లు వస్తుందనీ, వేళ్లు బాగుపడ్డాక రమ్మనీ చెప్పి వీరేంద్ర వేరే మనిషిని పిలిచాడు.

అచ్చియమ్మ తిన్నగా మన్మథరావు ఇంటికి వెళ్లింది. నా చేతులు తిన్నది నీ పని, ఏదో ఒక దారి చూపించమని అడగడానికి. ఆయన వరండాలో కూర్చుని టీ తాగుతున్నాడు. షెడ్డులో మిషన్లు దిగుతున్నాయనీ, అవి సరిగా కొట్టని పిక్కలు చేత్తో కొట్టడానికి కొందరు కావాలనీ, కూలి పాత దాంట్లో సగమనీ చెప్పాడు. మార్కెట్ పడిపోవడమంటే ఇదన్నమాట.

"సగం కూలికి ఎలా బతకాల బాబూ?" అంది.

"నచ్చకపోతే ఎల్లు. ఆ సేతులకి ఇంకెవుడు పనిత్తాడే?" అన్నాడు మన్మథరావు, టీ కప్పు కింద పెట్టకుండా.

ఆ రాత్రి అచ్చియమ్మ ఆ మాటనే తిప్పి తిప్పి తలుచుకుంది. తిట్టినా ఇంత బాధపడేది కాదు. ఆయన నిజం చెప్పాడు, తను చేసిన పాడును లాభంగా లెక్కేసుకుని మరీ చెప్పాడు. అదీ ఆమె కోపం.

తెల్లారి మళ్లీ ఆస్పత్రికి వెళ్లింది. నిన్న పిలిచిన మనిషి రాలేదు, మెట్ల మీద ఎవరో కక్కుకున్నారు, లోపల్నుంచి డాక్టరు కేకలేస్తున్నాడు. వీరేంద్ర తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి, నాకు మాత్రం కావాలనుందా, ఒక్క వేలైనా పడకపోతే నేనేం చేయను అని విసుక్కున్నాడు.

"ఒక్క ఏలు పడితే సాలా బాబూ?" అంది అచ్చియమ్మ.

చాలన్నాడు. మిషన్ కొత్త మనిషి కోసం సిద్ధం చేసి చూపించాడు, నమ్మకపోతే నువ్వే చూసుకో అన్నట్టు.

ఆమె చెప్పు వదిలింది. చీర కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, కుర్చీ ఆసరాతో కుడికాలు ఎత్తి, బొట్టు పెట్టిన ఆ మిషన్ మీద బొటనవేలు నొక్కింది. కాగితానికి కాలు తగిలినా కళ్లకద్దుకునే మనిషి. ఆ క్షణాన ఆమెకు మిషన్ కనబడలేదు, వరండాలో టీ కప్పు కనబడింది.

పిక్క కొట్టేటప్పుడు కాళ్లు చీరలోకి ముడుచుకుని కూర్చుంటారు. జీడి అక్కడిదాకా వెళ్లలేదు. మిషన్ మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ నొక్కింది. థాంక్యూ అంది ఆడగొంతు.

"ఓలమ్మో, ఏటా పని? బొట్టు పెట్టిన మిషన్ అది," అన్నాడు వీరేంద్ర లేచి నిలబడి.

"నా సేతుల్ని వొద్దన్నదీ మిషనే బాబూ. కాలుని ఒప్పుకున్నదీ మిషనే. దాన్నడుగు," అంది.

అతను చెరిపేసే బటన్ దాకా వేలు తీసుకెళ్లాడు. లోపల్నుంచి డాక్టరు మళ్లీ అరిచాడు. వీరేంద్ర వేలు వెనక్కి తీసుకుని చీపురు చూపించాడు.

ఆదివారం మేస్త్రీ ఆటో బలిఘట్టం వచ్చింది. తన పెళ్లాం డ్యూటీకి వెళ్లిందని సోములు చెప్పాడు. డ్యూటీ అనే మాట రెండుసార్లు అన్నాడట.

తర్వాత ఆమె కాలికి అందేలా మిషన్‌ని గోడకు కింద, మోకాలెత్తున బిగించారు. దానికోసం మిగతావాళ్లంతా వంగాల్సి వస్తోందని సణుగుతారు. అలా బిగించిన మొదటి రోజు అచ్చియమ్మ కాలు తీశాక వంగి, మిషన్‌ని చేత్తో ముట్టుకుని కళ్లకద్దుకుంది. చేయి తగలగానే మళ్లీ ప్రయత్నించమంది ఆడగొంతు. ఆ మర్నాటి నుంచి ఆమె మొక్కలేదు.