రేష్మా రాసిన వీధి

తెనాలిలో దర్జీ ఇమామ్ సాహెబ్ కూతురు రేష్మా. హైస్కూల్లో ఉండగానే చూపు పూర్తిగా పోయింది. కాలేజీలో చేరాక పరుగు పట్టుకుంది. తన మణికట్టుకీ స్నేహితురాలు బిందు మణికట్టుకీ ఒకే తాడు కట్టుకుని ఇద్దరూ పక్కపక్కనే పరిగెత్తేవారు. పతకాలొచ్చాయి. పేపర్లో ఫొటోలు చూసి వీధంతా మురిసిపోయింది.

ఆ మురిపెం ఆమె కథ రాసేదాకానే. అక్షరాలు చదివి వినిపించే ఫోనులో రాసిన ఆ కథ ఒక వారపత్రికలో అచ్చయింది. గుడ్డిపిల్ల కర్ర చప్పుడు వినపడగానే దారికడ్డంగా మోటారుసైకిలు పెట్టి, పడుతుందో లేదోనని పందెం కాసే కుర్రాళ్ళ కథ అది. పేర్లు లేవు. అయినా ఎవరికి వాళ్ళు గుర్తుపట్టుకున్నారు.

ఎదురింటి శేషగిరిరావు పత్రిక పట్టుకుని దుకాణం మీదికొచ్చాడు.

"ఏంటి సాయిబూ ఇది? కళ్ళు లేనిదానికి, బండి పెట్టింది మావాడని ఎట్టా తెలిసింది?"

ఇమామ్ సాహెబ్ మిషను ఆపాడు. "కథండి అది. మీవాడి పేరెక్కడుందండీ?"

రేష్మా లోపల్నుంచి వచ్చింది. "నేను పడ్డప్పుడు నవ్వాడు బాబాయ్. ఆ గొంతు నాకు తెలుసు."

ఆయన ఊరుకోలేదు. పిల్లకి చూపుందనీ, చూపు లేదన్న సర్టిఫికెట్ దొంగదనీ అర్జీ పెట్టాడు. మళ్ళీ కంటి పరీక్షకి పిలిచారు. డాక్టరు ఆమె ముఖం మీదికి ఒక్కసారిగా చెయ్యి విసిరి, "నటించకమ్మా" అన్నాడు. చివరికి సర్టిఫికెట్ అసలుదేనని తేలింది. అప్పటికి ఆ ఏడు పోటీలు ఆమె లేకుండానే అయిపోయాయి. ఎవరూ తప్పయిందనలేదు.

ఈలోగా బిందు రావడం మానేసింది. "ఆ పిల్లతో తిరిగితే రేపు మన మీదా రాస్తుంది" అన్నారట ఇంట్లోవాళ్ళు. అర్జీ కన్నా అదే రేష్మాని ఎక్కువ కాల్చింది.

తర్వాత బాపట్లలో ఎవరో సన్మానానికి పిలిచారు. పెద్దాయన శాలువా కప్పి, "దేవుడు కళ్ళు తీసుకున్నా ఈ బిడ్డ ఎవరిమీదా కోపం పెంచుకోలేదు" అన్నాడు.

రేష్మా మైకు అడిగి తీసుకుంది. "పెంచుకున్నానండి. దేవుడి మీద కాదు, మా వీధి మీద."

శాలువా కుర్చీ మీద పడేసి, తండ్రి చెయ్యి పట్టుకుని దిగిపోయింది.

వీధివాళ్ళు బట్టలివ్వడం మానేశారు. ఇమామ్ సాహెబ్ మిషను రేపల్లెకి మార్చుకున్నాడు. అక్కడ పోలీసు ఉద్యోగానికి సాధన చేస్తున్న జెన్నిఫర్ ఇప్పుడు రేష్మాతో పరిగెడుతోంది. మొన్న జిల్లా పోటీల్లో రెండో స్థానం వచ్చింది. మైకులో చెప్పడానికి ఏ ఊరని అడిగితే, "రేపల్లె" అంది.