చెరువు కట్ట మీద కేక

మా ఊరి మంచినీళ్ళ చెరువు తవ్వించిన చెరువు. కాలువ వదిలినప్పుడు నింపుకుంటే వేసవి గడుస్తుంది. నీళ్ళున్నన్నాళ్ళూ కొంగలు, నీటికాకులు వస్తాయి. కట్ట మీద నడవడానికి ఒకరిద్దరు మనుషులూ వస్తారు. ఆ ఒకరిద్దరం మేమే.

నాకు పక్షుల పిచ్చేమీ లేదు. ఆ ఏడు మిరప పూతనంతా నల్లతామర పురుగు తినేసింది. పంట పోవడం ఒకెత్తు, మా ఆయన మూగనోము పట్టడం ఒకెత్తు. పొలం ముఖం చూడడం మానేసి గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. నాకు భయం పట్టుకుంది. పురుగుమందు డబ్బాలున్న గదికి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో గొలుసుకు తగిలించుకున్నాను. డాక్టరు నడిపించమంటే రోజూ తెల్లారగానే చెరువుకు లాక్కుపోయేదాన్ని. తిరిగొచ్చి వంట, బడిలో పాఠాలు, మళ్ళీ వంట. రాత్రి ఆయన పక్కమీద కదిలితే చాలు, నాకు మెలకువ. నిజం చెప్పాలంటే జాలి కూడా అరిగిపోయింది. విసుగొక్కటే మిగిలింది.

ఒక పొద్దున చిన్న పిట్టల గుంపొకటి గిరికీలు కొట్టి చెరువులో జమ్ము మీద వాలబోయింది. ఈయన ఉన్నట్టుండి "హోయ్! హోయ్!" అని అరుస్తూ మట్టిగడ్డ విసిరాడు. పిట్టలతోపాటు చెరువు మీదున్న కొంగలన్నీ లేచిపోయాయి.

"ఏంటండీ ఇది? అదేమన్నా మన జొన్నచేనా? వాటినన్నా స్థిమితంగా ఉండనివ్వరా?" నాకు ఒళ్ళు మండిపోయింది.

జొన్న పాలు పోసుకునే రోజుల్లో పిట్టల్ని తోలడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మట్టి అంటిన చేతిని చూసుకుని నవ్వాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"కళ్ళు గుంటలు పడ్డాయే నీకు. రేపట్నించి పడుకో. నేనొక్కణ్ణే వస్తాలే."

ఒక్కడే, ఇన్ని నీళ్ళ దగ్గరికి! "అక్కర్లేదు, నేనూ వస్తా" అన్నాను గబుక్కున. చెయ్యి దానంతటదే గొలుసు మీదికి పోయింది.

"నీ భయం నాకు తెలుసే" అన్నాడు. "ఇన్నాళ్ళూ నాకూ అదే ఆలోచన. ఇవాళ లేదు. చావాలనుకున్నోడు పిట్టల్ని తోలతాడా ఏంటి?"

అక్కడే కట్ట మీద కూలబడి ఏడ్చాను. ఎంత అలిసిపోయానో అప్పుడే నాకూ తెలిసింది.

"ఇవాళ బడికి సెలవు పెట్టు. వంట నేను చూస్తాలే" అన్నాడు పక్కన కూర్చుంటూ.

ఆయనకు మజ్జిగ కలపడం కూడా రాదు. సెలవు పెట్టాను.