మూతల మిగిలిన గాజు ముక్కలు

నా బద్ధకానికి నన్ను చెప్పుతోని కొట్టాలె.

ఫైబర్ వైర్లు అతికించుడు నా పని. మొయినాబాద్ దిక్కు ఫామ్‌హౌసులకు నెట్ గుంజేది మేమే. వైరు లోపల గాజు పోగు ఉంటది, వెంట్రుకంత సన్నగ. కోసినప్పుడల్లా ఇంత ముక్క తెగి పడ్తది, కండ్లకు ఆనది. కాలుకు గుచ్చుకుంటే లోపలనే విరుగుతది. కడుపులకు పోతే ఏం చేస్తదో దేవునికెరుక. అందుకే ముక్కలన్నీ సీసాల ఏసి మూత బిగించాలె. మాకు నేర్పిన మొదటి మాటే అది.

ఆ పొద్దు కనకమామిడిల మా అరుగు మీద కూసోని వైర్లు కోస్తున్న. సీసా బండిల ఉండిపోయింది. ఎవడు లేస్తడని టిఫిన్ మూతల ఏసిన ముక్కలు. అంతల అజీజ్‌నగర్ల జేసీబీ వైరు తెంపిందని ఫోను మీద ఫోను. మూత అక్కడనే ఇడిసి ఉరికిన.

పగటీలి స్తంభం మీద ఉండంగ మూత సంగతి యాదికొచ్చింది. ఇంటికాడున్న మా అవ్వకు ఫోన్ చేస్తే ఎత్తలే. బండి ఎట్ల నడిపిన్నో నాకే తెల్వదు.

ఇంట్ల అవ్వ, మూడేండ్ల నా బిడ్డ కంచాల ముందర కూసున్నరు. అవ్వ కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్నది. ఊళ్లె రోగాల కాంచి నా బండి టైర్ల దాక అన్నిటికీ మొక్కుడు ఒడిసేదాక ఆమె ఆమెన్ అనదు. రోజూ నాకు విసుగే. పొయ్యి పక్కన నా మూత ఉన్నది, దాంట్ల ఇంకా నాలుగు చిక్కుడు ముక్కలు.

రెండు కంచాలు గుంజి అవతల పెట్టిన. బిడ్డ ఏడుపు అందుకున్నది.

"తిన్నరా అవ్వా?"

"ప్రార్థన గాకముందే ఎట్ల తింటంరా?"

"ఈ మూతల ఏమున్నదో చూసినవా?"

"ఏం లేకుండె. కొంగుతోని తుడిచి, నార తీసిన చిక్కుళ్లు అండ్ల ఏసిన."

గాజు సంగతి చెప్పిన. అవ్వ బిడ్డ నోరు తెరిచి చూసింది.

"పొల్ల ముట్టలే. నేనే కూరల ఉప్పు చూసిన," అన్నది.

బిడ్డను ముందర కూసోబెట్టుకొని, అవ్వను ఎనక ఎక్కించుకొని చేవెళ్ల దవాఖానకు తీస్కపోయిన. గొంతుల గుచ్చుతున్నదా అని దారంత అడుగుడే. ముందు చూసి నడుపుమన్నది.

డాక్టరమ్మ గొంతు చూసింది, ఏం కనవడలే. రెండు దినాలు కనిపెట్టుకొని ఉండుమన్నది, నొప్పి లేసినా, రక్తం పడ్డా ఆగకుండ రమ్మన్నది. పీచున్న తిండి పెట్టుమన్నది.

"అసలు గాజు కూరల ఎట్ల పడ్డది?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకున్నది. "నాకు కండ్లు మంచిగ కనవడయమ్మా. చూసుకోలే."

నేను అవునని గాని, కాదని గాని అనలే.

రెండు దినాలు ఆమెకు కావలి ఉన్న. ఏం కాలే, దేవుని దయ. కని అవ్వ చెప్పిన మాటనే ఆ పొద్దు పనికి పోయిన నా భార్య గూడ నమ్మింది. అప్పటిసంది అవ్వను పొయ్యి దగ్గరికి రానిస్తలేదు, కూరగాయలు గూడ ముట్టనిస్తలేదు. అద్దాలు లేకుండ సూదిల దారం ఎక్కించే మనిషి, పొద్దంత గోడకానుకొని కూసుంటది. నేను రోజూ చూస్తున్న. ఇంకా చెప్పలే.