నడుముకి కట్టిన లారీ తాళం

మొన్నొకనాడు అరసవల్లి దారిలో ఉన్న వాటర్ సర్వీసింగ్ షెడ్డుకి మా కొబ్బరికాయల లారీని కడిగించడానికి తీసుకువెళ్లాను. ఇంజను మీద సబ్బునీళ్లు పడగానే డీజిలూ, గ్రీజూ, తడిసిన ఇనుమూ కలిసిన వాసనొకటి గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ అరచేతులు చల్లబడిపోతాయి, దేవుడి పేరు దానంతటదే పెదాల మీదికి వచ్చేస్తుంది.

శృంగవరపుకోట అవతల, కొండల మొదట్లో, గెడ్డ ఒడ్డున, అంటే కొండవాగు పక్కనే ఉండేది మా ఇల్లు. నాన్నకి ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు లారీ ఒకటి ఉండేది. నారకట్టలో, పనసకాయలో, కాలాన్ని బట్టి ఏది దొరికితే అది వేసుకుని తిరిగేవాడు. ఆయాసం మనిషినని నన్ను బడికి పంపలేదు. నానమ్మ గెడ్డ ఇసకలో అక్షరాలు దిద్దించింది, లారీ వెనక రాసిన మాటలు కూడబలుక్కుని చదవడం నేర్పింది, పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టనిదే చద్దన్నం పెట్టేది కాదు. పాత బేరింగుల్లోంచి రాలిన ఇనపగుండ్లు నాకు గోళీలు, అరిగిపోయిన వాషర్లు నా బొమ్మల పెళ్లిలో భోజనం పళ్లేలు. అంత దగ్గరగా బతికినా ఇంజనంటే మాత్రం నాకు చచ్చేంత భయం. ఇంజను మీది మూత ఎత్తినప్పుడు లోపలి చీకట్లో రెక్కలు రెక్కలుగా కనిపించే ఫ్యాను నన్నే చూస్తున్నట్టుండేది.

రెల్లు పూసి గెడ్డ గట్లు తెల్లబడి, నానమ్మ పొయ్యి మీద బూరెలు వేగుతూ, వీధి గుమ్మం దాకా బెల్లం పాకం వాసన వచ్చే దసరా రోజుల్లో, ఆయుధపూజకి ముందు నాన్న ఇంజను కడిగేవాడు. మిగతా లారీలవాళ్లు పైపైన నీళ్లు పోసి తుడిచేసి ఊరుకునేవారు గానీ నాన్న అలా కాదు. పశువులు నీళ్లు తాగే గెడ్డలోకి నూనె దిగకూడదని లారీని ఎత్తు మీద గులకరాళ్లలో ఆపి, బిందెలతో నీళ్లు మోయించేవాడు. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్లు పడితే పగిలిపోతుందని చల్లారేదాకా ఆగేవాడు; అరచెయ్యి ఇంజను మీద ఆన్చి మూడుసార్లు సూర్యనారాయణా అనుకోవాలి, ఈలోగా చెయ్యి తీయాలనిపించకపోతే అప్పుడు చల్లారినట్టు. రేడియేటర్ మూత జోలికి ఎవరినీ పోనిచ్చేవాడు కాదు. బ్యాటరీ తీగ విప్పి పక్కన పెట్టి, డైనమోకీ, గాలి పీల్చే గొట్టం మూతికీ ఎరువుల సంచుల లోపలి ప్లాస్టిక్ కవర్లు తొడిగి పురికొసతో కట్టి, అప్పుడు సబ్బునీళ్లు చెంబుతో పోస్తూ, కొబ్బరిపీచుతో తోమేవాడు.

వీటన్నిటికంటే ముందు చేసే పని ఇంకొకటుండేది. లారీ తాళం తీసి, నా పావడా బొందుకి రెండు ముళ్లు వేసి కట్టేవాడు.

“సెయ్యి లోపలుండగా తాళం బయటుండాల. నాను అడిగీదాకా ఎవులికీ ఇయ్యకమ్మీ,” అనేవాడు.

ఆ తాళం బరువు నడుముకి తగులుతూ ఉంటే, నాన్న చేతులు రెండూ నాకే అప్పజెప్పినట్టు బిక్కుబిక్కుమంటూ ఒక రాయి మీద కదలకుండా కూర్చునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ తాళం ఇచ్చేశాను. ఇచ్చింది ఎవరో పరాయివాళ్లకి కాదు, మా నానమ్మకే. ఇంజను కడగడం అయిపోయింది, నాన్న బ్యాటరీ తీగ బిగించేశాడు, ఎండకి ఆరుతుందని మూత ఎత్తే ఉంచాడు. నానమ్మ పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పళ్లెంలో సర్దుకొచ్చింది. జాకీ, పానాలు, సుత్తి అన్నీ అమ్మవారి పటం ముందు పెట్టింది. ఇంక తాళం ఒక్కటే తక్కువ. “తాలం లేని ఆయుద పూజేటే గుంటా, వర్జ్యం వచ్చీస్తంది,” అంది. నానమ్మ అడిగాక, అందులోనూ అమ్మవారికని అడిగాక, కాదనడం మా ఇంటా వంటా లేదు. ముళ్లు విప్పి ఇచ్చేశాను.

నానమ్మ తాళానికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తాళం సింహాచలం మావ చేతిలో పెట్టింది. మావ మా అమ్మ తమ్ముడు, పదేళ్లు క్లీనరుగా తిరిగి అప్పుడప్పుడే డ్రైవరయ్యాడు. బండ మీద నాన్న తుండుగుడ్డ చూసి, బావ గెడ్డలో స్నానానికి దిగాడనుకున్నాడు. కాసేపు ఆడిస్తే ఇంజను తొందరగా ఆరుతుందని నానమ్మతో అంటూ కేబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఎత్తి ఉన్న మూత వల్ల అతనికి ముందర ఏమీ కనిపించదు.

నాకు కనిపించింది. కవరు విప్పినప్పుడు తెగిపోయిన పురికొస ముక్క ఒకటి ఫ్యాను వెనక ఉండిపోయినట్టుంది, నాన్న అప్పుడే బంపరెక్కి నిలబడి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టి దాన్ని లాగుతున్నాడు.

అరుద్దామనుకున్నాను. గొంతు రాలేదు. కాళ్లు మాత్రం ఎలా కదిలాయో, కేబిన్ తలుపు కిందికి వచ్చిపడ్డాను. లారీ మనుషులకి ఒక అలవాటుంది: బాడీ మీద ఒక్క దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని. అరచేత్తో తలుపు మీద ఒక్క దెబ్బ కొట్టాను. వెంటనే నా చెయ్యి మళ్లీ లేచింది. భయంలో ఉన్న చెయ్యి బాదుతూనే ఉండాలనుకుంటుంది. రెండోది పడితే పోనిమ్మన్నట్టే. కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని, గుండెకి అదిమేసుకుని, కళ్లు మూసుకుని, సూర్యనారాయణా అని కూడా పూర్తిగా అనలేక నిలబడిపోయాను.

ఇంజను పలకలేదు. పదేళ్ల క్లీనరు అలవాటు, మావ చెయ్యి అతని బుద్ధి కంటే ముందే ఆగిపోయింది. తలుపులోంచి తల బయటపెట్టి, “ఏటే, సక్రం కింద కోడేటైనా దూరిందేటి?” అన్నాడు నవ్వుతూ.

మూత వెనక నుంచి నాన్న గొంతు వచ్చింది. “ఎవుడ్రా బండెక్కినాడు?”

మావ మొహంలో నవ్వు అలాగే ఉండి, రంగు మాత్రం పోయింది. దిగి వచ్చి, నాన్న చెయ్యి ఎక్కడుందో చూసి, గులకరాళ్లలో చతికిలబడిపోయాడు. నాన్న మెల్లగా చెయ్యి బయటికి తీసుకుని, నా ఖాళీ బొందు వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. మసి అంటిన రెండు చేతులూ నా మొహం ముందు చాపి, “లెక్కెట్టు,” అన్నాడు. పది వేళ్లూ లెక్కపెట్టాక గానీ నాకు ఏడుపు రాలేదు.

“ఇకమీదట ఇవి సూపించీదాకా నాకూ ఇయ్యకు,” అన్నాడు.

ఆ పూట బూరెలు గిన్నెలోనే ఉండిపోయాయి. మరుసటేడు దసరాకి నానమ్మ పళ్లెం పట్టుకుని నా దగ్గరికే వచ్చి, వంగి, నా నడుముకి వేలాడుతున్న తాళానికి అక్కడే బొట్టు పెట్టి హారతిచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో తాళానికి పూజ అలాగే జరిగేది. అమ్మవారు కోప్పడలేదు, చల్లగానే చూసింది.

ఇప్పుడు ఆ ముక్కు లారీలు లేవు. గెడ్డ ఒడ్డున ఎవరూ బళ్లు కడగరు, నాన్నా నానమ్మా వెళ్లిపోయారు. నాన్న వెళ్లేనాటికి ఆయన వేళ్లు పదీ ఉన్నాయి, అందుకు నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. భయం మాత్రం పోలేదు. పోవాలని కూడా నేనెప్పుడూ మొక్కుకోలేదు.

షెడ్డులో పనంతా అయ్యాక, ఇంజను కడిగిన మనిషి బండి బయటికి తీయడానికి తాళం కోసం వచ్చాడు. తాళం నా కొంగు ముడిలో ఉంది. చేతులు చూపించమన్నాను.

“సేతులేటమ్మా, పెల్లిసూపులేటి?” అని నవ్వి, నురగ కారుతున్న రెండు చేతులూ నా ముందు చాపాడు.

నేను లెక్కపెట్టాను. తర్వాత ముడి విప్పాను.